పైకి వెళ్ళడానికి ఇరవై తెత్రిలు

పోయినేటి కేలండరు వెనక తెల్లగానే ఉంది కదా అని
స్కేలు పెట్టి గళ్ళు గీశాను, యాభైరెండు.
ముప్ఫై ఏళ్ళు పత్రికాఫీసులో కూర్చుని
ఊరందరి అచ్చుతప్పులు దిద్దిన చేయి
తన గళ్ళు మాత్రం వంకరగా గీసుకుంది.

వారానికో పేజీ రాయాలి.
కింద మజియా రొట్టెల బట్టీ కిటికీలో
జిరాక్సు కాగితాలు పెట్టనిస్తానంది,
పడవలాంటి వేడి రొట్టెలు చుట్టడానికి కాదు సుమా,
అమ్మడానికే.
కాగితం ఒక లారి.
జిరాక్సుకి పదిహేను తెత్రిలు పోను మిగిలేది ఎనభై అయిదు.
వారానికి నలభైమంది కొంటే ముప్ఫైనాలుగు లార్లు.
ఇక్కడ పెన్సిలు ఆగింది.
ఎవరా నలభైమంది?
వేళ్ళు మడిచి లెక్కపెడితే పదకొండు పేర్లు తేలాయి,
అందులో ఒకటి నాదే.

ఆలూ చూలూ లేకుండానే పేరు పెట్టడం
నాకు పాత అలవాటు.
ఏప్రిల్ గడిలో పుల్లటి ప్లమ్ కాయల పచ్చడి,
జూన్‌లో చొక్కా మీంచి మల్బరీ మరక వదిలించే ఉపాయం,
ద్రాక్ష తొక్కే రోజుల్లో
మా మేనమామ ఎప్పుడూ మింగేసే పాటలోని మూడో చరణం.
అక్టోబరుకి దానిమ్మ అని రాసి కొట్టేశాను.
దానిమ్మ గురించి అందరూ రాస్తారు.

కుడిపక్క డబ్బు.
ఫిబ్రవరిలోపు గ్యాసు బాకీ, నూటనలభై.
మే నెలకి కింది దవడ పన్ను.
డిసెంబరు ఎదురుగా ఎనిమిదివందల యాభై అని వేశాను,
దేనికో రాయలేదు.
ఎవరో చూస్తారని కాదు, ఈ ఇంట్లో చూసేదెవరు,
రాస్తే నేను చదవాల్సి వస్తుంది.

మూడో వారం గడిలో ఉన్నది పాత గాజు సీసాల సంగతి.
ఆ సాయంత్రం గ్లదానిలో మంచుతో కలిసి వాన.
రెండు చేతుల్లో బంగాళాదుంపలు,
లిఫ్టు డబ్బాలో వెయ్యడానికి నాణెం లేదు.
పదో అంతస్తు ఓటియా
ఏమీ అనకుండా తన ఇరవై తెత్రిలు వేశాడు.
లైటు వెలిగింది, పెట్టె మూలుగుతూ కదిలింది.
ఆరో అంతస్తు దాటాక అన్నాడు:
"పైకి వెళ్ళడానికే డబ్బు, గమనించావా లామారా?
దిగడానికి ఊరికే.
ఈ డబ్బా పెట్టినవాడికి మన సంగతి బాగా తెలుసు."

సీసాలు మూలపడ్డాయి.
కోటు కూడా విప్పకుండా ఆ మాట చుట్టూ రాశాను,
బంగాళాదుంపలు గుమ్మంలోనే దొర్లాయి.

అరవైమూడు కాగితాలు!
మళ్ళీ జిరాక్సు తీయించాల్సి వచ్చింది.
రొట్టె కోసం వచ్చినవాళ్ళు ఎవరి కథ వాళ్ళు చెప్పిపోయారు:
నాణేనికి చిల్లు పెట్టి దారం కట్టి
వేసి, వెనక్కి లాగేసుకున్న కుర్రాడు;
భర్త అలిగి పోతూ చిల్లర పట్టుకుపోతే
తొమ్మిది అంతస్తులు మెట్లెక్కిన ఒకావిడ.

మజియా పిండి చేతులు దులుపుకుంటూ అంది,
"ఇంకేం, వారం వారం లిఫ్టే రాయి!"
రాశాను కూడా.
గళ్ళన్నీ చెరిపి, లిఫ్టు, లిఫ్టు, లిఫ్టు.
రెండోది పంతొమ్మిది అమ్ముడైంది.
మూడోది నేనే చదవలేకపోయాను.
దారం కట్టిన నాణెం అది,
వేశానన్న పేరే గానీ నా చేతిలోనే ఉంది.

ఇప్పుడు రబ్బరు పొట్టు ఊదేసి
ప్లమ్ కాయల్ని మళ్ళీ ఏప్రిల్‌లోకి తెచ్చాను.
నెలకో గడి మాత్రం ఖాళీ,
దానికెదురుగా అంకె కూడా లేదు.
గ్యాసువాడికి సగం కట్టాను, మిగతా సగానికి నవ్వాను.
పన్ను రాత్రిళ్ళు గుర్తు చేస్తూనే ఉంది.

ఓటియాకి ఇరవై తెత్రిలు తిరిగిస్తే తీసుకోలేదు.
జేబులో ఉంచాను.
రేపు లిఫ్టు ముందు ఎవరైనా
రెండు చేతులూ నిండి నిలబడితే పనికొస్తుంది.

డిసెంబరు గడిలో ఇవాళ ఒక అక్షరం రాశాను.
ఒక్కటే.